నాన్న గాయం ఏ చేతికి

జహీరాబాద్,
డిసెంబరు 14, ఆదివారం

చిరంజీవి ప్రణీతను అమ్మ దీవించి రాస్తున్న ఉత్తరం.

అందరం క్షేమమని మొదలుపెట్టడం ఆనవాయితీ కదా, అలాగే మొదలుపెడతాను. మీ నాన్నకు దగ్గు తగ్గింది. నా మోకాలి నొప్పి తగ్గలేదు. బర్రె ఈనింది, దూడ ఆడది. ఇంతవరకు క్షేమమే. నువ్వు క్షేమమని అక్కడ నిన్ను చూసుకునే స్వప్న మేడమ్ ఫోనులో చెప్పింది. “నిన్న కడుపునిండా తిన్నది, ఆరు గంటలు పడుకున్నది” అన్నది. కన్న కూతురు ఎన్ని గంటలు పడుకుందో ఇంకొకరిని అడిగి తెలుసుకోవాల్సి వచ్చిందే అని నాకు ఒళ్లు మండింది. ఫోను గోడకేసి కొట్టబోయి, ఆగి, బియ్యం డబ్బా మీద పెట్టాను. చూశావా, నేను కూడా నేర్చుకుంటున్నాను.

నా ఉత్తరాలు బడి పుస్తకంలా ఉన్నాయని నవ్వుకున్నావట. ఏం చేయను, ఇంటర్ దాకా చదివినదాన్ని. నోరు తెరిస్తే మన మాట వస్తుంది, కలం పడితే పంతులు మాట వస్తుంది. నవ్వు, పర్వాలేదు. నువ్వు నవ్వావన్న కబురు విని నాలుగు నెలలైంది.

మొదట్లో వారానికి ఒకసారి మీ మానసిక చికిత్స కేంద్రం వాళ్లు నీకు ఫోను ఇచ్చేవారు. సెప్టెంబరులో నువ్వు చేసిన ఆ ఫోను గుర్తుందా? నేను పొయ్యి ముందు ఉన్నాను, జొన్నరొట్టె మాడుతోంది. “ఆఁ, చెప్పు” అన్నాను. ఆ “ఆఁ”లో నీకు విసుగు వినిపించింది.

“నేను ఫోన్ జేస్తె నీకు బరువైతున్నదా?”

“బరువని ఎవరన్నరు? రొట్టె మాడుతున్నది.”

“రొట్టె కంటె నేను తక్వనా?”

“అయితె తక్వనే, పో!”

అక్కడ నువ్వు ఫోనును గోడకు కొట్టి, తర్వాత నుదురు కొట్టుకుంటే ముగ్గురు పట్టుకోవాల్సి వచ్చిందట. ఇక్కడ నేను మట్టి పెంకను రొట్టెతో సహా వాకిట్లోకి విసిరాను. అది నాలుగు ముక్కలైంది. అరనిమిషం కూడా పట్టలేదు ఇదంతా. అప్పుడే డాక్టర్ గిరీశ్ గారు ఫోను మాన్పించి ఉత్తరాలు రాసుకోమన్నారు. ఉత్తరాన్ని మడిచి పక్కన పెట్టుకోవచ్చు, మళ్లీ తీసి చదువుకోవచ్చు అన్నారు. ఆయన మాట నిజమే. నీ మొదటి ఉత్తరాన్ని నేను ఏడు సార్లు మడిచి పెట్టాను.

అందుకే ఒక మాట ముందే చెప్తున్నాను. ఈ ఉత్తరాన్ని స్వప్న మేడమ్ పక్కన ఉన్నప్పుడే చదువు. బరువైన ఉత్తరం వస్తుందని ఆమెకు నిన్ననే చెప్పి ఉంచాను.

నువ్వు అయిదు ప్రశ్నలు అడిగావు. వరసగా చెప్తాను.

బీరువా అద్దం ఇంకా వేయించలేదు. నువ్వు పచ్చడి జాడీ విసిరిన చోట వట్టి చెక్క కనిపిస్తుంటే మీ నాన్న అక్కడ క్యాలెండరు తగిలించాడు. నేను రోజూ తల దువ్వుకుందామని వెళ్లి తేదీ చూసుకుని వస్తున్నాను.

శిల్ప నిన్ను అడుగుతోంది. మూడేళ్లు అది నీ ప్రాణం. దాని పుట్టినరోజున అది ఇంకో పిల్ల పక్కన కూర్చుని ఫోటో దిగిందని ఒక్క సాయంత్రంలో అది నీ శత్రువైంది. నువ్వు లాగిన కమ్మ చెవిని చీల్చుకుని నీ చేతికి వచ్చింది. ఇప్పుడు ఆ చెవికి కుట్లు మానాయి, నొక్కుడు కమ్మ పెట్టుకుంటోంది. “ప్రణీత ఎప్పుడొస్తది ఆంటీ?” అని మొన్న వచ్చి అడిగింది. “వస్తె నీ రెండో చెవి జర పైలం” అన్నాను. ఇద్దరం నవ్వాం. తర్వాత ఇద్దరం ఏడ్చాం.

అల్లం తవ్వకం మొదలైంది. నువ్వు పీకిన రెండు మడుల సంగతి అడిగావు. ఆ మర్నాడే మహిధర్ మామ కూలివాళ్లతో ఆ మొక్కల్ని మళ్లీ పెట్టించాడు. సగం కుళ్లిపోయింది, సగం బతికింది. బతికినదానికి గడ్డ చిన్నగా ఉంది కానీ ఘాటు బాగానే ఉంది, నిన్న చాయ్‌లో వేశాను.

వికాస్‌కు పెళ్లి కాలేదు. ఫ్యాక్టరీ గేటు దగ్గర కనిపించాడు. నువ్వు మొక్కలు పీకిన రోజున నీ ఫోను ఎందుకు ఎత్తలేదని నిలదీశాను. “షిఫ్టుల ఫోన్లు బయటనే పెట్టిపిస్తరు ఆంటీ. ఆ రోజు డబుల్ షిఫ్ట్ పడ్డది. బయటికొచ్చి చూస్తె నలభై మిస్డ్ కాల్స్ ఉన్నయ్. నేను జేస్తె అప్పటికే స్విచ్ఛాఫ్” అన్నాడు. ఇంతే, ప్రణీ. అతను నిన్ను వదిలేయలేదు. లోపల ట్రాక్టరు చక్రాలు బిగిస్తున్నాడు. నేను బస్టాండు దాకా నడిచి వెళ్లి, అక్కడ బెంచీ మీద కూలబడి, ముంబయి రోడ్డు మీద లారీలు పోతుంటే చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

ఇక అయిదోది. “నాన్న గాయం ఏ చేతికి?” అని అడిగావు.

దాని పైన నువ్వు రాసిన నాలుగు వాక్యాలు నాకు కంఠతా వచ్చేశాయి. పదిహేను రోజుల్లో ఇంటికి పంపిస్తామని డాక్టరు గారంటే, వద్దని నువ్వే చెప్పావట. ఈ చేతులు నాన్నను ఒకసారి నరికాయి, ఇంకోసారి చంపేస్తాయి, అందుకని ఎప్పటికీ ఇంటికి రానని రాశావు. వంటగదిలో ఉల్లిగడ్డ కోయమంటే చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చుంటున్నావని రాశావు. స్పూను ముట్టుకోవడానికి కూడా భయపడి అన్నం ముద్దలు కలిపి పెట్టమంటున్నావట. ఇరవై నాలుగేళ్ల పిల్లవు.

ఈ ప్రశ్న ఇంతకుముందు రెండు ఉత్తరాల్లో కూడా అడిగావు. నేను బర్రె గురించి రాశాను, వానల గురించి రాశాను. ఇప్పుడు రాస్తాను. కానీ అసలు సంగతికి ముందు ఆ రోజు మొదటి నుంచీ చెప్పనీ. డాక్టరు గారు కూడా చదవాలని విడమరచి రాస్తున్నాను.

ఆగస్టు చివరి సోమవారం. పొలంలో తల్లి అల్లం తీస్తున్నాం. విత్తనంగా నాటిన పాత ముక్క, మొక్క నిలదొక్కుకున్నాక కూడా మట్టిలో గట్టిగానే ఉంటుంది. మూడు నెలలయ్యాక మొక్క పక్కన మట్టి మెల్లగా జరిపి, వేళ్లు కదలకుండా ఆ ముక్కను తెంపి తీస్తాం. బజారులో దానికి గిరాకీ. చేయి దురుసుగా పడిందంటే మొక్క కుళ్లిపోతుంది. ఈ పనికి నీ అంత మెత్తటి చేయి చుట్టుపక్కల లేదని మనకు కూలికి వచ్చే తాజ్ బేగం ఎప్పుడూ అంటుంది.

నువ్వు పొద్దున్నుంచి వికాస్‌కు ఫోను చేస్తూనే ఉన్నావు. గట్టు మీద కూర్చుని చేశావు, మడిలో వంగి చేశావు. చేసిన ప్రతిసారీ నీ ముఖం కొంచెం కొంచెం మారిపోతోంది. నాకు కనిపిస్తూనే ఉంది. “అన్నం తిందాం రా బిడ్డా” అని ఉంటే సరిపోయేది. నేను అన్నది వేరు.

“వాడు నిన్ను ఇడిచిపెట్టిండు. నీ అసొంటిదాన్ని ఎవడు భరిస్తడు? మేం గాబట్టి భరిస్తున్నం.”

నువ్వు ఫోనును బోరు పైపుకు కొట్టి పగలగొట్టావు. మడిలోకి దిగి మొక్కలు పీకడం మొదలుపెట్టావు. రెండు చేతులతో, పిడికిళ్ల కొద్దీ. గోరు ఒకటి ఊడి వేలాడుతున్నా ఆగలేదు. “అందరు ఇడిచిపెట్టున్రి! నన్ను గూడ గిట్లనే పీకి పారేయున్రి!” అని అరుస్తున్నావు. మీ నాన్న వెనక నుంచి వచ్చి పట్టుకుంటే ఆయన భుజం కొరికావు. విడిపించుకుని మోటారు గది గోడకు తల బాదుకోవడం మొదలుపెట్టావు. ఆయన నీ తలకూ గోడకూ మధ్య తన అరచేయి పెట్టాడు. ఆ చేతి మీదే బాదుకున్నావు.

అంతవరకు నీకు గుర్తుందని రాశావు. ఆ తర్వాత అంతా చీకటై, కళ్లు తెరిచేసరికి నాన్న నెత్తురు నీ ఒంటి నిండా ఉందని రాశావు. ఆ మధ్యలో జరిగిందని నేను చెప్పిందే నీకు తెలుసు.

నా ఎడమ అరచేతిలో మచ్చ గురించి చిన్నప్పుడు అడిగేదానివి. రొట్టె పెంక మీద పడ్డానని చెప్పేదాన్ని. అది అబద్ధం. నేను పుట్టడమే ఎడమచేతి వాటంతో పుట్టాను. మా అమ్మ హుమ్నాబాద్ వైపు మనిషి, తిట్లన్నీ కన్నడంలో తిట్టేది, కొట్టడానికి మాత్రం ఏ భాషా అక్కర్లేదు. నాకు ఆరేళ్లప్పుడు ఇంటికి వచ్చిన చుట్టాలకు ఎడమచేత్తో బెల్లం ముక్క అందించాను. వాళ్లు మొహాలు చూసుకున్నారు. చుట్టాలు వెళ్లాక మా అమ్మ గరిటె కాల్చి ఆ అరచేతిలో పెట్టి, నా వేళ్లు మూసి పట్టుకుంది. ఆ తర్వాత తినడం, రాయడం, ఇచ్చి పుచ్చుకోవడం అంతా కుడిచేత్తోనే. అందరూ నన్ను కుడిచేతిదాన్ని అనే అనుకుంటారు. కలుపు తీసేటప్పుడు, కోపం వచ్చినప్పుడు మాత్రం ఎడమది తనంతట తానే ముందుకు వస్తుంది. నిన్ను కొట్టిన ప్రతిసారీ ఆ చేత్తోనే కొట్టాను. నీకు ఏడేళ్లప్పుడు హోంవర్కు చేయలేదని నీ పలకను నీ వీపు మీదే పగలగొట్టింది ఆ చెయ్యే.

నీకు గాలి సోకిందని ఇంట్లో అందరూ అన్నప్పుడు ఒక ఊళ్లో మంత్రగాడి దగ్గరకు తీసుకెళ్లాం. వాడు వేప బెత్తంతో కొడుతుంటే నీ కాళ్లు పట్టుకున్నది నేను. ఇంటికి వచ్చాక బర్రె పగ్గంతో నిన్ను మంచానికి రెండు రోజులు కట్టేశాం. ముడులు వేసింది నేను. మీ నాన్న ఒక ముడి వదులు చేస్తే మళ్లీ బిగించాను. నా కోపాన్ని ఇంట్లో అందరూ కోపం అనేవారు, నీ కోపాన్ని దయ్యం అన్నారు. పెళ్లై పిల్లలున్న ఆడదానికీ పెళ్లికాని పిల్లకూ అంత తేడా మరి.

అక్టోబరులో ఇంటివాళ్లకు క్లాసు అని పిలిచారు కదా. డాక్టరు గారు బోర్డు మీద గీత గీసి చెప్పారు. కొందరికి మనసులో మంట అందరికంటే తొందరగా లేస్తుందట, ఎత్తుకు లేస్తుందట, ఆరడానికి ఎక్కువసేపు పడుతుందట. కావాలని చేసేది కాదట. ఒక చూపు, ఒక విసుగు మాట, ఎత్తని ఫోను చాలట. నాకు అల్లం కడిగే రోజులు గుర్తొచ్చాయి. పొద్దంతా కడిగితే వేళ్ల చర్మం అరిగిపోతుంది, సాయంత్రం కూరలో ఉప్పు వేయబోతే ప్రాణం పోతుంది. పక్కవాళ్లకు అది వట్టి ఉప్పే. నీకు పొద్దున లేచింది మొదలు అన్నీ ఉప్పే అని అప్పుడు అర్థమైంది. ఆయన నీ గురించి చెప్తున్నారు. మీ నాన్న మాత్రం బోర్డు వైపు చూడలేదు. నా వైపు చూశాడు.

ఇక్కడ ఆగు. కాగితం మడిచి పక్కన పెట్టు. నీళ్లు తాగు. స్వప్న మేడమ్ చేయి పట్టుకో. తర్వాత చదువు.

గోడ దగ్గర నుంచి నువ్వు నా వైపు తిరిగావు. నుదుటి మీద నెత్తురు, ముఖం నిండా మట్టి. కూలివాళ్లు అన్నం తినడానికి అవతలి గట్టుకు వెళ్లారు. మనం ముగ్గురమే ఉన్నామనుకున్నాను. “నన్ను పురిట్లనె గొంతు పిసికితె ఐపోతుండె గదా! నువ్వు తల్లివేనా?” అని నా చెంప మీద కొట్టావు.

ఒక్క దెబ్బ. పెద్ద నొప్పి కూడా లేదు. కానీ నాకు చెవుల్లో హోరు లేచింది. నువ్వు నా కూతురివని మరిచిపోయాను అని రాస్తే బాగుంటుంది, కానీ మరిచిపోలేదు. నువ్వని తెలుసు. నిన్ను లేకుండా చేయాలని ఒళ్లంతా అనిపించింది. నా ఎడమచేతిలో కలుపు తీసే ఖుర్పీ ఉంది. నీ మెడ చూసి ఎత్తాను, ప్రణీ. బెదిరిద్దామని కాదు. దించాను.

మీ నాన్న కుడిచేయి అడ్డం పెట్టాడు.

ఖుర్పీ మోచేతి కింద దిగి ఎముకకు తగిలి ఆగింది. లాగితే రాలేదు, రెండోసారి లాగాల్సి వచ్చింది. నెత్తురు నీ ముఖం మీద చిమ్మింది. నువ్వు అక్కడే కూలిపోయావు. ఆయన అరవలేదు. చేతిని పొట్టకు అదిమి పట్టుకుని కూర్చుండిపోయి, “బిడ్డను చూడు, బిడ్డను చూడు” అన్నాడు. ఖుర్పీ నీ పక్కన పడింది. నేను పడేశానా, జారిందా, నాకే తెలియదు. అది పడింది మాత్రం నీ కుడిచేతి దగ్గర.

నువ్వు కళ్లు తెరిచావు. చుట్టూ చూశావు. “అమ్మా, నేనేం జేసిన?” అన్నావు.

“మీ నాయినను నరికినవ్” అన్నాను.

ఆలోచించి అన్న మాట కాదు. నువ్వు అడిగిన తీరులోనే నాకు దారి దొరికింది. అప్పుడు నువ్వు నీ రెండు చేతుల వైపు చూసుకున్న చూపు ఉంది చూడు, నాలుగు నెలలుగా అది నన్ను అన్నం తిననివ్వడం లేదు. మహిధర్ మామ వచ్చి మిమ్మల్ని దవాఖానకు తీసుకెళ్లాడు. నేను చెప్పింది ఆయన నమ్మాడు, ఆయన చెప్పింది ఊరు నమ్మింది. శిల్ప చెవి నీదే, అద్దం నీదే, వాటి పక్కన ఇంకొకటి చేర్చడానికి ఎవరికీ అనుమానం రాలేదు. మీ కేంద్రంలో నీ ఫైలు మీద “తండ్రిపై హత్యాయత్నం” అని రాయించింది కూడా నేనే. సంతకం పెట్టాను, కుడిచేత్తో.

మీ నాన్న దవాఖానలో పనిముట్టు జారి తెగిందని చెప్పాడు, అందుకని కేసు కాలేదు. ఇరవై మూడు కుట్లు వేశాక మేమిద్దరమే ఉన్నప్పుడు అడిగాడు.

“పోరి మీద ఎందుకు బెట్టినవ్?”

“మరి నన్ను జైల్ల ఏస్తె మంచిగుంటదా నీకు?”

ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఎలాగూ నీకు వైద్యం కావాలి కదా, నయమయ్యాక చెప్దాంలే అనుకున్నాడట. ఆ తర్వాత వారానికోసారి “జెప్పినవా?” అని అడుగుతూ వచ్చాడు. నేను లేదంటాను, ఆయన లేచి బయటికి వెళ్లిపోతాడు. నీకు తానే ఎందుకు చెప్పలేదని ఆయన మీద కోపం వస్తే రానీ. అది న్యాయమే. ఆయన చేతి వేళ్లు రెండు ఇంకా ముడుచుకోవు. ఆ చేత్తోనే జొన్నరొట్టె తుంచుకుంటాడు, నేను తుంచి ఇస్తానంటే ప్లేటు పక్కకు జరుపుకుంటాడు.

మొన్న శుక్రవారం అల్లం తవ్వుతుంటే తాజ్ బేగం నా పక్క సాలులోకి వచ్చి కూర్చుంది. రెండు దుబ్బులు తవ్వింది. తర్వాత తల ఎత్తకుండానే అడిగింది.

“మనోరమక్కా, బిడ్డ ఎప్పుడొస్తది?”

“రానంటున్నది. నాయినను మల్ల ఏమన్న జేస్తనని భయమట.”

తాజ్ బేగం ఖుర్పీ కింద పెట్టింది. “ఆ దినం నేను నీళ్లకని బోరు దిక్కు వస్తున్న. చూసిన.”

“ఏం చూసినవ్?”

“నువ్వేం జేసినవో అది చూసిన. ఇండ్లల్ల గొడవ, నాకెందుకని ఊకున్న. రోజు నమాజుల అల్లాను మాఫీ అడుగుతున్న. నువ్వు ఎవర్ని అడుగుతవ్ అక్కా? దాని చేతులు ఎంత సాఫ్ చేతులు. ఆ చేతులనే దానికి దుష్మన్ జేసినవ్ గదా.”

నాకు మళ్లీ హోరు లేచింది. ఖుర్పీ నా ఎడమచేతిలోనే ఉంది. ఈసారి దాన్ని మట్టిలో పిడి దాకా దించి, అక్కడే వదిలేసి, మోటారు గది దాకా నడిచి వెళ్లాను. గోడ మీద నీ నెత్తురు మరక ఇంకా ఉంది, వానకు సగం పోయింది. అక్కడ నిలబడి నా చెంపలు నేనే వాయించుకున్నాను, తాజ్ బేగం వచ్చి చేతులు పట్టుకునేదాకా. ఇంటికి వచ్చి నీ ఉత్తరం తీశాను. “ఏ చేతికి” అని నువ్వు ఊరికే అడగలేదు కదా? నువ్వు కుడిచేతిదానివి. ఎదురుగా నిలబడి కుడిచేత్తో నరికితే దెబ్బ ఆయన ఎడమవైపు పడాలి. రాత్రిళ్లు లెక్క వేసుకుంటూ ఉన్నావేమో. మీ అమ్మ కలుపు తీసేది ఏ చేత్తోనో నీకు తెలుసు. నోరు తెరిచి అనడానికి భయపడ్డావు, లేదంటే నన్నే అననిద్దామని ఆగావు.

నీ జబ్బు అబద్ధం అనడం లేదు. శిల్ప చెవి చీరింది నువ్వే, ఫోన్లు పగలగొట్టింది నువ్వే, నీ తల నువ్వే బాదుకున్నావు. దానికి నేర్చుకోవాల్సింది నేర్చుకో, మందులు వేసుకో, మానకు. కానీ ఖుర్పీ నీది కాదు. డాక్టరు గారిని నాకు కూడా టైము ఇమ్మని అడిగాను. నాకున్నది ఏ జబ్బో, వట్టి దుర్మార్గమో ఆయనే చెప్తారు. పేరు ఏదైనా నేను నిన్ను చంపబోయాను, ఆ నేరం నీ నెత్తిన పెట్టాను. జబ్బు పేరు చెప్పి దీన్ని మాఫీ చేయమని అడగను.

గురువారం మొదటి బస్సుకు మేమిద్దరం వస్తున్నాం. మహిధర్ మామను కూడా రమ్మన్నాను, డాక్టరు గారి ముందు, మామ ముందు ఇదంతా నోటితో చెప్తాను. పోలీసులకు చెప్పాలంటే అక్కడికీ వస్తాను. ఆ తర్వాత గేటు బయట కూర్చుంటాను. మీ నాన్నను లోపలికి పిలుచుకో. నన్ను పిలవాలనిపించకపోతే పిలవకు. ఉమ్మాలనిపిస్తే పిలిచి ఉమ్ము. నువ్వు ఇంటికి వస్తానంటే, నేను అదే ఇంట్లో ఉండాలా వద్దా అన్నది నువ్వు చెప్పు. మహిధర్ మామ ఇంట్లో ఒక గది ఖాళీగా ఉంది, అడిగి పెట్టాను. ఇది అలిగి అంటున్న మాట కాదు, కోపంతో అంటున్నది కాదు. నిజంగా అడుగుతున్నాను.

ఇక్కడి నుంచి ఎడమచేత్తో రాస్తున్నాను. నలభై రెండేళ్ల తర్వాత ఈ చేయి కలం పట్టింది. అక్షరాలు వంకరగా వస్తున్నాయి, ఓపిక పట్టి చదువు. ఈ కింది నాలుగు ముక్కలు చింపి డాక్టరు గారికి ఇవ్వు, నీ ఫైల్లో పెట్టమను.

గాయం కుడి చేతికి. మాణిక్ గారిని నరికింది ఆయన భార్య మనోరమ, ఎడమచేత్తో. ఎత్తింది కూతురి మీదికి. ప్రణీత చేతుల్లో ఆ రోజు మట్టి తప్ప ఏమీ లేదు.

ఇట్లు,
నీ మీద చెయ్యెత్తిన
మీ అమ్మ